అర బకెట్టు అచ్చరాలు

జానకీరామయ్య మేష్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే. పిల్లల సేత నీళ్ళతో రాయిస్తాడు. సిరాతో కాదు, పెన్సిలుతో కాదు, నీళ్ళతో. అదీ బరంపురంలో, నడి ఏసవిలో, కుళాయి దగ్గి దగ్గి ఊరుకునే రోజుల్లో!

ఆయనింటికీ మా ఇంటికీ మద్దిన ఒకటే గోడ. మాది కిరాణా కొట్టోళ్ళ ఇల్లు, ఆయనది పాఠాలోళ్ళ ఇల్లు. ఆయన పని సేసిన తెలుగు బడి పిల్లల్లేక మూసీసారు. ఇప్పుడందులో సిమెంటు బస్తాలు దాస్తన్నారు. బస్తాలైతే అల్లరి సెయ్యవు, మద్దేన్నం అన్నం అడగవు, ఎవుడికీ బాధ నేదు. ఆ తాళం పడ్డ కాణ్నించి ఈయన ప్రతి ఏసవికీ తన పెరట్లోనే బడి పెట్టీసాడు. డబ్బు తీసుకోడు. డబ్బు తీసుకోనోడి దగ్గర సదువుంటాదని ఈ కాలంలో ఎవులు నమ్ముతారు?

పెరట్లో పెద్ద సిమెంటు గచ్చు. పిల్లలు రేకు నీడలో కూకుని, సెయ్యి సాపి, ఎండ పడ్డ గచ్చు మీద రాయాలి. పుల్లకి కొబ్బరి పీచు కట్టి కుంచెలు ఆయనే సేసిస్తాడు. రాసింది రాసినట్టే ఆరిపోతాది.

పొద్దున్నే గోడ మీద ఒక బట్టతల లేస్తాది.

"కూర్మమ్మ తల్లీ! అర బకెట్టు అక్షరాలు ఇప్పించు."

"అచ్చరాలు మా ఇంట్లో నేవు మేష్టారూ. నీళ్ళున్నాయి. అవి తాగడానికి."

"పిల్లల కోసమేనమ్మా."

"పిల్లలు తాగితే నాకు ఏడుపు నేదు. తాగతన్నది మీ గచ్చు!"

తిడతాను, ఇస్తాను. ఇవ్వకపోతే ఆ తల దిగదు. ట్యాంకరోడు ఒచ్చి "పాణి సరిగలా మావుసీ", నీళ్ళైపోయాయి పిన్నీ అని సెప్పి ఎల్లిపోయిన రోజు కూడా లేస్తాది. "పోనీ పావు బకెట్టియ్యి. ఇవాళ ఒత్తుల్లేని మాటలే రాయిస్తాను" అంటాడు. ఈ ఊళ్ళో నీళ్ళూ కొనుక్కోవాలి, సదువూ కొనుక్కోవాలి. రెండూ సన్నంగానే ఒస్తాయి.

ఇంగ్లీషు బడోళ్ళు సెలవులకి రాసుకు రమ్మని ఇస్తారు గదా. ఏసవి ఏడిగా ఉంటాది, మామిడిపండు తియ్యగా ఉంటాది. మా కొట్టు ముందు పడుకునే కుక్కకీ తెలుసది. ఈయన అడిగేది ఏరు. "చెప్పుల్లేకుండా ఎండలోకెళ్ళి, కాలు కాలాక నోట్లోంచి ఏం మాటొచ్చిందో అది రాయండి." "సద్దన్నంలో ఉల్లిపాయ కొరికితే చెవికి ఏమినిపించింది?" "కరెంటు పోతే ఇంట్లో ఎవరు ఎవర్ని తిడతారు?" తెలుగో ఒడియానో ఇంగ్లీషో, ఏదైనా పరవానేదట. ఎండకి మూడూ ఒచ్చట.

ఆ కరెంటు పాఠం రోజున అనుదీప్ అనే గుంటడు, ఆళ్ళ నాన్న తన అత్తోరిని తిట్టిన తిట్లన్నీ వరసగా రాసీసాడు. ఆ సాయంత్రం ఆడి తల్లి సాయిపద్మ కొంగు దోపుకుని ఒచ్చీసింది.

"మేష్టారూ, మా ఇంటి గుట్టు రాయిస్తారేటండీ!"

"ఎక్కడ రాసాడమ్మా? చూపించు, కొడతాను."

గచ్చు తెల్లగా ఎండిపోయుంది. ఆవిడ ఆ సివర నుంచి ఈ సివర దాకా ఎతికి, దోపిన కొంగు దించుకుని ఎల్లిపోయింది.

ఇక మా నాగశ్రీ సంగతి సెప్తాను. నా మనవరాలు, రెండో తరగతి. బళ్ళో టీచరమ్మ దాని పుస్తకంలో కాయితం సింపి, తప్పులకి గీసిన ఎర్రగీతలన్నీ పిల్లలందరికీ సూపించి నవ్వించిందట. ఆ పనికీ జీతమిస్తారు, సూడండి. ఆ రోజు నుంచీ ఈ పిల్ల పెన్సిలు సూస్తే సూదిమందు సూసినట్టు ఎనక్కెల్లిపోతాది. బడి తెరిసినాక అందరి ముందూ 'నా ఏసవి సెలవులు' అని ఒక పేజీ రాయాలి, రాయకపోతే మల్లీ రెండులోనే కూకోపెడతామని కబురంపారు. మా కోడలు వాసవీకుమారి ట్యూషను పెట్టింది, బొమ్మల పెన్సిళ్ళు కొంది, బతిమాలింది, ఒకటి కొట్టింది. పిల్ల పిడికిలి ఇప్పితేగా?

"మేష్టారి కాడికి పంపీయే" అన్నాను.

"నీళ్ళ రాత ఏ బళ్ళో ఒప్పుకుంటారత్తయ్యా?"

"ఏ బళ్ళోనూ ఒప్పుకోరు. గచ్చు మీద నీళ్ళు ఒలకబొయ్యడానికైతే ఇది బయపడదు గదా, ఎల్లనీ."

ఎల్లింది. కొన్నాళ్ళు ఊరికే నీళ్ళు సల్లింది. ఆయనేటీ అన్లేదు. నేను మాత్రం గోడ ఇవతల నా నీళ్ళని తలుసుకుని కుళ్ళిపోయాను. ఒక రోజు ఒంగి ఏదో రాసింది. నేను గోడ మీంచి మెడ సాపాను. మేష్టారు అటు నడిసాడు, సగం దూరంలో ఆగిపోయాడు. "నా కళ్ళజోడేది?" అని జేబులు తడుముకున్నాడు, రేకు మీద సూసాడు, బకెట్టులో కూడా సూసాడు. జోడు తాడుతో మెళ్ళోనే ఏలాడతంది! ఆయన ఒచ్చేసరికి గచ్చు ఆరిపోయింది.

"అరెరే, ఎండ నాకంటే ముందే చదివేసింది. ఏం రాసావమ్మా?"

పిల్ల నోటితో సెప్పింది.

"భేష్! ఇంకోటి రాయి."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అనుదీప్ రాస్తే గబగబా ఎల్లి, ముక్కు మీద జోడు పెట్టుకుని, "ఒరేయ్, ఇక్కడ కొమ్మేదిరా?" అంటాడు. నా మనవరాలు రాసినప్పుడే ఆయనకి మతిమరుపొస్తాది. నాకు ఒళ్ళు మండిపోయింది. గోడెక్కినంత పని సేసి అరిసాను.

"జోడు మెళ్ళోనే ఉంది మేష్టారూ! మా పిల్ల రాత సదవడానికే కళ్ళు పోతాయేటి?"

ఆయన ఇటు తిరిగి సూసిన సూపు! బిడ్డని నిద్దరపుచ్చే ఏళ కంచం పడేసినోళ్ళని సూసినట్టు సూసాడు. గోడ కాడికొచ్చి గొంతు తగ్గించాడు.

"కాస్త ఊరుకో తల్లీ. దాని తప్పులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఎండని ఆరబెట్టనీ."

అప్పుడు సూసానమ్మా. పిల్ల కళ్ళు ఆయన కాళ్ళ మీదే ఉన్నాయి. ఆయన దూరంగా ఉన్నంతసేపూ దాని సెయ్యి రాస్తానే ఉంది.

సెలవులు అయిపోవస్తన్న ఒక రోజు నేను వడియాలు తిరగేస్తంటే పెరట్లోంచి కేక.

"మేష్టారూ, బేగి రండి! ఆరిపోతంది!"

మా నాగశ్రీ గొంతే! ముసలాయన సెప్పులు తొడుక్కోలేదు, జోడు ఎతకలేదు. కాలతన్న గచ్చు మీద కోడిలా గెంతుకుంటా పరిగెట్టి, ఒంగి సదివి, పొట్ట పట్టుకుని నవ్వీసాడు.

"ఏటి రాసింది?" అన్నాను.

"ఆరిపోయింది తల్లీ."

"మీ నవ్వు ఆరలేదు గదా!"

ఈధమ్మట తిరిగి ఎల్లాను, ఊరికే కాదు, నిండు బకెట్టు మోసుకుని. దాని ముందు దించాను.

"మల్లీ రాయే. ఈసారి నేను సదవాలి."

నా సదువెంత, అచ్చరం అచ్చరం కూడబలుక్కోడమే గదా. అది రాస్తంది, ఎండ తరుముతంది, నేను ఎనకాల పడతన్నాను. "నా... య... నమ్మ... నీళ్ళకి... ఏడు... స్తాది."

"నేను ఏడుస్తానేటే?"

"అవును నాయనమ్మా, రోజూ" అంది, ఏ బయమూ నేకుండా.

బడి తెరిసారు. అందరి ముందూ కాయితం మీద పేజీ రాసింది. మూడులోకి తోసారు గానీ, టీచరమ్మ ఊరుకుంటాదేటి, మల్లీ ఎర్రగీతలు గీసే పంపింది. "ఎన్ని తప్పులో సూడండత్తయ్యా" అని కోడలు నెత్తి కొట్టుకుంది. పిల్ల ఆ కాయితం తీసుకెల్లి మేష్టారి గచ్చు మీద పరిసి, ఎగరకుండా రాయి పెట్టొచ్చింది.

"ఏటే అది?"

"ఎండలో పెట్టాను నాయనమ్మా. ఆరిపోతాయి."

ఆ ఎరుపు ఆరేది కాదని నాకు తెలుసు. నోటిదాకా ఒచ్చింది, మింగీసాను. మాట మింగడం నాకు అలవాటు నేదు.

అంతలో గోడ మీద తల లేసింది.

"కూర్మమ్మ తల్లీ..."

"బకెట్టు గోడ మీదే పెట్టాను, సూసుకోండి. జోడు మెళ్ళో ఉంది."