ఇంజన్‌ల మిగిలిన ముక్క

చెన్నూరుల మమతారాణి కారు నేర్చుకున్నది సరదాకు కాదు. మామ లచ్చయ్యకు కిడ్నీలు చెడిపోయి, డయాలసిస్‌కు మాటిమాటికి మంచిర్యాల దవాఖానకు పోవాల్సి వచ్చింది. నీళ్లయినా చాయ్ అయినా ఆయన కొలిచే తాగాలె. పెనిమిటి కరుణాకర్ మస్కట్‌ల ఉన్నడు. బస్సుల తీసుకపోతే వాపసు వచ్చేటప్పుడు ముసలాయన కండ్లు తిరిగి సీట్లనే ఒరిగిపోయేటోడు. అందుకే ఒక పాత తెల్లకారు కొని, ఊరి బయట ఖాళీ జాగల తిప్పి తిప్పి చెయ్యి కుదుర్చుకున్నది. మొదట్ల నవ్వినోళ్లే తర్వాత, "మంచిర్యాలకా? జర నన్నూ ఎక్కించుకో" అని అడగబట్టిండ్రు.

ఆ కారే మొన్న దగా చేసింది. సగం తొవ్వల వేడెక్కంగనే ఇంజన్ ఆగింది. చల్లారితే స్టార్టయితది, కొంచెం దూరం పోయి మళ్ల ఆగుతది. అట్ల ఈడ్చుకుంట ఇంటికి మళ్లేసరికి ఆ నాటి డయాలసిస్ తప్పింది. మెకానిక్ మల్లేష్ వచ్చి చూసి, ఇంజన్ తిరుగుడును కనిపెట్టే సెన్సర్ పోయిందన్నడు. కొత్తది తెప్పించి ఇచ్చిండు గని, బిగించకముందే మేనమామ సచ్చిపోయిండని కబురొస్తె సిరొంచకు పోయిండు.

తెల్లారేసరికి లచ్చయ్య కాళ్లు ఉబ్బినయి. పండుకుంటే ఊపిరాడక అరుగు మీద గోడకు ఆనుకొని కూసున్నడు. కిరాయి కార్లన్నీ పెండ్లిళ్లకు పోయినయి. అంబులెన్స్ ఇంకో కేసు మీద పోయింది, ఎప్పుడొస్తదో చెప్పలేమన్నరు.

మమతారాణి కొంగు నడుముకు చెక్కి బానెట్ లేపింది. మల్లేష్‌కు ఫోన్ కలిపి స్పీకర్ల పెట్టింది.

"ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదియ్యి అక్కా. గేర్‌బాక్స్ పక్కన కింద చెయ్యి పెట్టు. ఒక్కటే బోల్టు ఉంటది. దాని వైరు క్లిప్పు గూడ తీసెయ్."

బోల్టు జంగు పట్టి ఉన్నది. ఆయిల్ పోసి, పానతోని అటిటు కదిపి కదిపి తీసింది. సెన్సర్ మాత్రం కదల్లే. జర బలం పెట్టి తిప్పింది. పుటుక్కుమన్నది. సగం చేతులకొచ్చింది, సగం ఇంజన్ల ఉండిపోయింది.

ఆ సంగతి మల్లేష్‌కు చెప్పింది.

"లోపలికి జారిందంటే గేర్‌బాక్స్ దించాలె అక్కా. నెట్టకు. ఒక మొనదేలిన స్క్రూ దాంట్లకు మెల్లగ ఎక్కించి, పట్టకారతోని బయటికి గుంజు."

"అయ్యిందా బిడ్డా?" అన్నడు లచ్చయ్య అరుగు మీదినుంచి.

"అయితాంది మామా," అన్నది.

ఇంట్ల స్క్రూ దొరకలే. కారు నంబర్ ప్లేటుకున్నది ఒకటి విప్పింది. ముక్క మీద పెట్టి, మీద బరువు పడకుంట తిప్పింది. కొంచెం తిప్పి ఆగుడు, మళ్ల కొంచెం తిప్పుడు. చెమట కండ్లల్లకు కారినా తుడుచుకోలే. అరుగు మీద ముసలాయన దగ్గుతుండు. దగ్గు వినపడ్డప్పుడల్లా తిప్పుడు ఆపి, అటు చూసి, మళ్ల పట్టింది.

స్క్రూ పట్టు దొరికినంక పట్టకారతోని గుంజింది. మొదలు రాలే. కొంచెం పక్కకు తిప్పి గుంజితే, రబ్బరు రింగుతో సహా జారి వచ్చింది. రెండు ముక్కలూ అరచేతుల జోడించి చూసింది. ఎక్కడా కొరత లేదు.

కొత్తదానికి ఆయిల్ రాసి దిగ్గొట్టకుండ బొటనవేలితోనే ఒత్తింది. బోల్టు బిగించి, క్లిప్పు పెట్టి, బ్యాటరీ కలిపి తాళంచెవి తిప్పింది. ఇంజన్ గిర్రున తిరిగింది గని అందుకోలే. ఇంకోసారి తిప్పింది, మళ్ల అదే.

"క్లిప్పు టిక్కుమన్నదా అక్కా?" అన్నడు మల్లేష్.

అనలే. మళ్ల వంగి గట్టిగ ఒత్తింది, టిక్కుమన్నది. ఈసారి ఇంజన్ అందుకున్నది.

"పోదామా బిడ్డా?"

"జర ఆగు మామా. వేడెక్కనియ్యి."

వేడెక్కితేనే గద దాని సంగతి తెలిసేది. అట్లని ఎక్కువసేపు ఆపితే ఈయన ఊపిరి నిలుస్తదో లేదో. రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా చేతులు నలుపుకుంట నిలబడ్డది. ఫ్యాను తిరిగింది. ఇంజన్ ఆగలే. వెంటనే ఆయనను ఎత్తి కూసోబెట్టింది.

తొవ్వల కారు ఎక్కడా ఆగలే. దవాఖానల నర్సు ఆలస్యం ఎందుకైందని కసురుకుంటనే సూది పెట్టింది. మమతారాణి బయట మెట్ల మీద కూలబడ్డది. చేతులకంటిన ఆయిల్ కొంగుతోని తుడుచుకున్నది.

మాపటికి లచ్చయ్యకు ఊపిరి తేటగ ఆడింది. బయటికి రాంగనే, "జర చాయ్ తాగుదామా?" అన్నడు.

"సగం కప్పే," అన్నది ఆమె.