బతికున్న వేషం

నటుణ్ణని చెప్పగానే ఎవరైనా "ఏ వేషాలు వేస్తారు?" అని అడుగుతారు. నేను శవం వేషాలు వేస్తాను. నవ్వకండి. అదేమీ తేలికైన పని కాదు. కాకపోతే నాకు ఇంకే పనీ చేతకాలేదు.

మొదట్లో నాటకాల్లో సిపాయి వేషం వేసేవాణ్ణి. రాజుగారి ముందుకు పరుగెత్తుకొచ్చి, శత్రువులు కోట దగ్గరికి వచ్చేశారని చెప్పాలి. మొదటి ప్రదర్శన రోజున ఎదురుగా జనాన్ని చూసేసరికి నోరు పెగల్లేదు. ఏం చెయ్యాలో తోచక గుండె పట్టుకుని దబ్బున పడిపోయాను. రాజు వేషం వేసినాయన గట్టివాడు. "అయ్యో, శత్రువుల బాణానికి బలైపోయావా!" అంటూ నా మాటలు కూడా తనే చెప్పేసుకున్నాడు. అంకం ముగిసేదాకా నేను కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. జనం చప్పట్లు కొట్టారు. నా నటనకు చప్పట్లు పడటం అదే మొదలు, అదీ నేను పడుకున్నందుకు.

ఆ ఈగ సంగతి ఆ నోటా ఈ నోటా పడి సినిమావాళ్లదాకా పోయింది. కళ్లు తెరిచి, రెప్ప వెయ్యకుండా, పొట్ట కదలకుండా పడుకునే మనిషి వాళ్లకు కావాలి. నేను దొరికాను. షాట్ మొదట్లో కొట్టే క్లాప్ పలక టప్పుమంటే నా ఊపిరి ఆగిపోతుంది, "కట్" అనగానే మళ్లీ వస్తుంది. అలా మెట్ల కింద, కార్ల డిక్కీల్లో, చెరువు గట్ల మీద పడుకునే ముసలివాణ్ణయ్యాను. స్టూడియోలో అందరూ నన్ను "పీనుగు బాబాయ్" అనేవారు. ప్రేమగానే లెండి.

ఒప్పుకోనిది అమ్మ ఒక్కతే. నా మొదటి సినిమాకు ఇరుగుపొరుగునంతా వెంటేసుకుని వచ్చింది. తెరమీద నేను మెట్ల కింద పడి ఉండటం చూసి, హాలు దద్దరిల్లేలా ఏడ్చింది. పక్కనే కూర్చున్న నన్ను తడిమి చూసుకుంటూ మరీ ఏడ్చింది. ఇంటికొచ్చాక తేల్చి చెప్పేసింది.

"నువ్వు బతికుండే సినిమా ఏదన్నా వస్తే చెప్పు నాయనా, అప్పుడొస్తాను."

అన్నంత పనీ చేసింది. ఆ తర్వాత నా సినిమా ఒక్కటి కూడా చూడలేదు.

ఏళ్లు గడిచాయి. సూదిలో దారం ఎక్కించలేక అమ్మ నన్ను పిలిచిన రోజున నాకు భయం పట్టుకుంది. ఆవిడ చూపు పూర్తిగా పోకముందే నేను తెరమీద ఒక్కసారైనా బతకాలి. సిగ్గు విడిచి డైరెక్టర్‌ను బతిమాలుకున్నాను.

"సరేనయ్యా, వాచ్‌మన్ వేషం వెయ్యి. హీరోయిన్ గేటు దగ్గరికి రాగానే 'అయ్యగారు ఇంట్లో లేరమ్మా' అనాలి. ఎలాగూ ఇంటర్వెల్ తర్వాత నిన్ను పొడిచేస్తారు" అన్నాడాయన.

ఆ చివరి ముక్క అమ్మకు ఎలా చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

షూటింగ్‌లో హీరోయిన్ గేటు దగ్గరికి వచ్చింది. పలక టప్పుమంది. అంతే, నా ఊపిరి ఆగిపోయింది. కళ్లు తెరుచుకుని, గేటు పట్టుకుని, నిలువునా చచ్చాను. పాపం ఆ అమ్మాయి జడుసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"కట్! ఏమయ్యా, నిలబెట్టినా చస్తావా? కాస్త బతకవయ్యా బాబూ!"

మళ్లీ పలక, మళ్లీ చావు. ఇన్నేళ్లూ నేర్చిన విద్య ఒంటికి పట్టేసింది, నా మాట వినదు. చివరికి డైరెక్టర్ ఇంకొకరిని పిలవమన్నాడు. వాచ్‌మన్ చొక్కా గుండీలు విప్పుతుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. నాకోసం కాదు, అమ్మకు ఏం చెప్పాలా అని.

అప్పుడు కెమెరామన్ అడ్డుపడ్డాడు. "పలక చివర్లో కొడదాం సార్. తలకిందులుగా పట్టుకుని కొడితే అది షాట్ చివరి పలకని ఎడిటింగ్‌లో వాళ్లే తెలుసుకుంటారు. ఈయన్ని ముందు మాట్లాడనివ్వండి."

ఈసారి పలక కొట్టకుండానే కెమెరా తిప్పారు. హీరోయిన్ వచ్చి అయ్యగారున్నారా అని అడిగింది, నేను ఇంటి దగ్గర మాట్లాడినట్టే జవాబు చెప్పాను. ఆ తర్వాతే పలక టప్పుమంది, నేను చచ్చాను. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణే, కానీ "కట్" చెప్పడం మరిచిపోయారు.

సినిమా విడుదలయ్యాక అమ్మను తెరకు దగ్గరగా కూర్చోబెట్టాను. ఇంటర్వెల్ కాగానే కడుపునొప్పి అని చెప్పి లేవదీద్దామని నా ఎత్తు. చావడం బాగా వచ్చినవాడికి కడుపునొప్పి ఒక లెక్కా అనుకున్నాను. ఇంతలో గేటు వచ్చింది. తెరనిండా నా మొహం.

"అయ్యగారు ఇంట్లో లేరమ్మా."

అమ్మ ముందుకు వంగి, నన్ను కాదు, తెరమీద ఉన్నవాణ్ణి చూస్తూ గట్టిగా జవాబిచ్చింది.

"పోనీలే నాయనా, నువ్వున్నావుగా!"

హాలంతా గొల్లుమంది. ఈగ వాలినా రెప్ప వెయ్యని నాకు ఆ చీకట్లో రెప్పలు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటుండగానే అమ్మ లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని లాగింది.

"లే, పోదాం పద."

"ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదమ్మా."

"నాకు తెలుసులే. ఇంకాసేపు కూర్చుంటే వీళ్లు నిన్ను చంపేస్తారు."