ట్రంపెట్ మనిషి ముందుపన్ను

పోయినేడాది షార్జాలో, రోలా అనే పేటలో, పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. పక్కనున్న యాభయ్యేళ్ళ మనిషి కదిలే ముందుపన్నును నాలుకతో తడుముకుంటున్నాడు. మాట కలిపితే కాకినాడవాడు.

“ఊగే పన్నుకి ఖర్చెందుకు నాయనా? పీకించెయ్, ఖలాస్,” అన్నాను.

“ట్రంపెట్ ఆ పన్ను మీదే ఆనుతుంది మామ్మగారూ. హోటల్లో జాజ్ బ్యాండు మాది. పాత అమెరికా పాటొకటుంది. ఎప్పుడో ఓ బ్యాండు మేస్టారు ఇరవై మందిని పెట్టి రికార్డు చేశాడంట. అందులో అందరూ ఆగిపోయి ట్రంపెట్ ఒక్కటే పలికే ముక్క ఉంది. అది ఊదలేకపోతే నన్నింటికి పంపేస్తారండీ.”

ఆ ముక్కను పెదవులు మూసుకునే వినిపించాడు. నాకు పాటలు పట్టవు. అయినా ఆపమనలేదు.

అతన్ని లోపలికి పిలిచారు. తిరిగొచ్చి, నోటికి అడ్డం పెట్టుకున్న దూది తీసి పన్నున్న చోట ఖాళీ చూపించాడు.

ఇప్పుడు మా ఊళ్ళో పెళ్ళి బ్యాండు ఎదురైతే, ముందు ట్రంపెట్ ఊదేవాడి పళ్ళకేసి చూస్తాను.