కూత వినపడని గ్యాలరీ

పట్నంలో చెడుగుడు ఆటకి కొత్తగా గ్రౌండు కట్టారని, చుట్టూ ప్రహరీ గోడ, మగవాళ్ళకి సిమెంటు మెట్లు, ఆడవాళ్ళకి విడిగా సరుగుడు బాదులతో గ్యాలరీ, పైగా మైకు అని మా ఊరి మగాళ్ళు ఒకటే ఊదరగొట్టేశారు. అక్కడ జరిగే మొదటి పోటీలకి మా ఊరి జట్టునీ పిలిచారు. మా ఊరి జట్టంటే మా బావే. ఆయనకేమో ఇంకా నిమ్ము పూర్తిగా తగ్గలేదు.

బావంటే నా పెనిమిటి, మా మేనత్త కొడుకు. కోటబొమ్మాళి దగ్గర పల్లె మాది. ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టుకుంటే, కోసిన చేను నీళ్ళపాలైపోతుందని తడుస్తూనే పనలన్నీ గట్టుకి మోశాడు. ఆనక జ్వరం, పక్కలో పోటు, చివరికి కఫంలో నెత్తురు జీర. ఊపిరితిత్తి ఇంకా పచ్చిగానే ఉంది, ఏడాది దాకా ఊపిరి బిగబట్టే పని ఏదీ చెయ్యకూడదు, మళ్ళీ నెత్తురు పడిందంటే ఇక నన్నడక్కండి అన్నాడు డాక్టరు. చెడుగుడంటేనే ఊపిరి బిగబట్టడం కదా! గీత దాటి వెళ్ళినవాడు ఒక్క ఊపిరితో కూత పెడుతూ అవతలివాళ్ళని ముట్టుకుని, అది తెగకుండానే వెనక్కి రావాలి. అందరూ మీద పడి అదిమేసినా, కింద నలుగుతూ కూడా కూత ఆపకూడదు. ఇలాంటి ఆట ఎవడు కనిపెట్టాడో గానీ వాడికి పెళ్ళాం లేదని మాత్రం చెప్పగలను.

మా ఊళ్ళో ఈ ఆట కోతలయ్యాక కళ్ళంలో ఆడేవారు. జనం గీత పక్కనే గొంతుక్కూర్చునేవారు. ఆటగాడు తూలి ఏ ముసలమ్మ ఒళ్ళోనో పడితే, ఆవిడ వీపు మీద ఒకటిచ్చి మళ్ళీ లోపలికి తోసేది. మొగుడి ఆటని పెళ్ళాం ఎదురుగా కూర్చుని చూస్తే బాగుండదని నేను గడ్డిమేటు వెనక నిలబడేదాన్ని. నాకు చూడాల్సిన అవసరమూ లేదు. బావ కూత చెవిన పడుతుంటే చాలు, ఎంతమందిలో ఉన్నాడో, వెనక్కి తిరిగాడో లేదో చెప్పేసేదాన్ని.

పట్నం వెళ్తానని ఆయనంటే అత్త అన్నం మానేసింది. నేను మాట్లాడటం మానేశాను. మా మావ పోయి చాలా కాలమైంది, అత్తకి ఈయనొక్కడే కొడుకు. చివరికి ఆయన, తను లేకపోతే కుర్రాళ్ళు బెదిరిపోతారనీ, బెంచీ మీద కూర్చుని ధైర్యం చెప్పడమే గానీ బరిలో కాలు పెట్టననీ అత్త చేతిలో చెయ్యేశాడు. ఆ చేతి మీద నాకు నమ్మకం లేదు. మేమూ వస్తామన్నాను. ఆట కోసం పట్నం దాకా ఆడోళ్ళేంటని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అని ఇద్దరం రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి జట్కాలో పట్నం చేరాం.

గ్రౌండు చూసి నిజంగానే నోరు తెరిచాను. రంగు కాగితాలు, సున్నపు గీతలు, మెట్ల నిండా జనం. కానీ ఆడవాళ్ళ గ్యాలరీ ఎక్కి కూర్చున్నాక నా ప్రాణం ఉసూరుమంది. బరి ఎక్కడో ఉంది, మేమెక్కడో ఉన్నాం. మధ్యలో కర్రల దడి. కాలు కదిపితే బాదులు కిర్రుమంటున్నాయి. అన్నిటికన్నా అన్యాయం బనీన్లు. కళ్ళంలో ఆడేవాళ్ళ ఒంటి మీద బట్ట ఉండేది కాదు, వీపు చూస్తేనే ఎవరో తెలిసేది. ఇక్కడ మా జట్టు మొత్తానికి నీలం బనీన్లు తొడిగి వెనక అంకెలు కుట్టేశారు. బావది ఏ అంకో మాకేం తెలుసు? ఆయన కూర్చుంటానన్న బెంచీ ఏమో డేరా చాటున పడిపోయింది.

పోనీ కూతైనా వినపడుతుందా అంటే, పక్కనే మైకు. ఎవడు కూతకి వెళ్ళినా ఆ మైకాయన నాలుగో నంబరు అదిగో, ఏడో నంబరు ఇదిగో అని వాడికంటే గట్టిగా అరుస్తున్నాడు. పట్నం ఆడవాళ్ళు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ హాయిగా నవ్వుకుంటున్నారు. నీలం బనీను గీత దాటినప్పుడల్లా అత్త నా మోచెయ్యి పట్టుకుని వాడేనా అని అడిగేది. కాదత్తా అనేదాన్ని. నాకు తెలిసి అన్నానా, నా మొహం! అలా కాసేపటికి నాకే అనుమానం తగులుకుంది. పొడుగ్గా ఉన్నవాడొకడు మాటిమాటికీ కూతకి వెళ్తున్నాడు. తిరిగొచ్చాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతున్నాడు. అంత దూరం నుంచి చూస్తే పొడుగాటి వాళ్ళందరూ ఒకలాగే ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

అంతలో నీలం బనీను ఒకటి అవతలివాళ్ళ కింద పడింది. మీద గుట్టలా పడ్డారు. జనం లేచి నిలబడ్డారు, మాకేమీ కనపడలేదు. గుట్ట విడిపోయాక ఒక్కొక్కళ్ళే లేచారు గానీ నీలం బనీను లేవలేదు. నలుగురు మోసుకుని డేరా వెనక్కి తీసుకెళ్ళారు. గాయపడిన ఆటగాణ్ణి పక్కకి తీసుకెళ్తున్నాం, ఎవరూ కంగారు పడొద్దు అంది మైకు. కంగారు పడొద్దట! అత్త అప్పటికే గ్యాలరీ దిగేస్తోంది.

దడికి ఒక చిన్న గేటుంది. దాని దగ్గర గుండె మీద రిబ్బను బిళ్ళ పెట్టుకున్న ఒకాయన కాపలా ఉన్నాడు. ఆడవాళ్ళని లోపలికి వదలకూడదన్నాడు. లోపలున్నది నా మొగుడు, ఈవిడ కొడుకు అని చెప్పాను. పాపం మర్యాదస్థుడే, అయితే పేరు చెప్పండమ్మా, నేనే వెళ్ళి కనుక్కొస్తాను అన్నాడు.

అదే వచ్చిన చిక్కు. బావకి వాళ్ళ తాత పేరు పెట్టారు. అంటే అత్తకి మావగారి పేరు. మావగారి పేరు కోడలు పలకదు గనక, కొడుకు పుట్టిన దగ్గర్నుంచీ అత్త ఆయన్ని అయ్యా అనే పిలిచింది. నేనా, మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని విని పెరిగినదాన్ని. ఇంటిపేరు చెప్పాను. జట్టులో సగం మందిది అదే ఇంటిపేరు. అత్త, అయ్య బాబూ, మా అయ్య అంది. అక్కడ అందరూ అయ్యలేనమ్మా అన్నాడాయన. పొడుగ్గా ఉంటాడు, నల్లగా ఉంటాడు అన్నాను. ఎండలో అందరూ నల్లగానే ఉన్నారన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చచ్చాడో బతికాడో చెప్పడానికి పేరెందుకయ్యా అని దులిపేశాను. ఆయన బిత్తరపోయి, పేరు లేకుండా ఎవరినని అడగను తల్లీ అన్నాడు.

ఇక అనేద్దామనుకున్నాను. ఆయన ప్రాణం ఏ స్థితిలో ఉందో తెలియని ఆ నిమిషంలో, ఆయుష్షు తగ్గించే మాట నా నోటితో ఎలా అనను? అయినా అనకపోతే ఎలా? నా పెదవులు కదలడం అత్త చూసింది.

"నువ్వనకే," అంది. "నీ నోట ఆ మాట రాకూడదు."

కొంగు తల మీదికి లాక్కుని, ఆ గేటు కర్ర పట్టుకుని, నేల చూపులు చూస్తూ తన మావగారి పేరు పలికింది. పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత రెండు చెంపలూ వాయించుకుంది. నేను ఏడ్చేశాను.

బిళ్ళాయన పరుగున వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన వెనక బావ వస్తున్నాడు, తన కాళ్ళతో తనే నడుచుకుంటూ. పడిపోయింది మా ఊరి కుర్రాడేనట, మోకాలు మెలి తిరిగిందట. నాకు ముందు బావ మొహమే కనిపించింది. ఆనక చూస్తే నీలం బనీను చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. ఒక చెయ్యి పక్కలో నొక్కి పట్టుకుని, మాట కోసం ఊపిరి వెతుక్కుంటున్నాడు. ఆ పొడుగాటివాడు ఈయనే. దేవుడికి దణ్ణం పెట్టాలో, ఈ మనిషిని నాలుగు ఉతకాలో తెలియలేదు నాకు.

మమ్మల్ని చూసి విసుక్కున్నాడు. ఇంకా రెండు కూతలు పెడితే ఆట మనదేనట, ఈలోగా ఏటీ గోలట. అప్పుడు బిళ్ళాయన అడ్డొచ్చి, మీ అమ్మగారు మీ పేరు చెప్పడానికి చాలా ఇబ్బంది పడ్డారండీ అన్నాడు.

బావ విసుగు అక్కడే ఆగిపోయింది. అత్త వంక చూశాడు.

"నా పేరు సెప్పినావా అమ్మా?"

అత్త కొంగు ఇంకా ముందుకి లాక్కుంది.

"నాను సచ్చిపోనాననుకున్నావా?"

లోపల మైకు ఒక నంబరు పిలుస్తోంది. ఎవరూ వెళ్ళకపోతే మళ్ళీ పిలిచింది. అత్త తలెత్తకుండానే అంది.

"ఇంకోపాలి ఆ పేరు నా సేత సెప్పించకు, అయ్యా."

బావ ఆ బనీను విప్పి బిళ్ళాయన చేతిలో పెట్టి, గేటు గడియ తీయమన్నాడు.