చిన్నాయనా అని పిలిస్తే

దయ్యాల కథలు చాలా చదివాను. ఒక్కదాన్నీ నమ్మలేదు. ఎవరైనా తమకు ఏదో కనిపించిందని చెబితే, ఆ పూట సరిగ్గా అన్నం తిన్నారా అని అడిగే రకం నేను. అడగడం కూడా మనసులోనే. నాకు పైకి గొంతు రాదు. చిక్కంతా ఆ గొంతుతోనే వచ్చింది.

మార్కాపురంలో అంబులెన్స్ టెక్నీషియన్ శిక్షణలో చేరాను. పడిపోయిన మనిషి దగ్గరికి వెళ్ళగానే ముందు భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలుకుతాడో లేదో చూడాలి. ఇది రబ్బరు బొమ్మ మీద నేర్పిస్తారు. మిగతావాళ్ళు "సార్, సార్" అని అరిచేవాళ్ళు. నాకు మనుషుల్ని వరస కలిపి పిలవడమే అలవాటు. మొదటిరోజు నోటికి "చిన్నాయనా" అని వచ్చింది. అదీ సగం గొంతుతో.

"బొమ్మతో చుట్టరికం కలిపినావు, బాగుంది. మీ చిన్నాయనకు చెవుడేమో, ఇంకొంచెం గట్టిగా పిలువు," అన్నారు శిక్షణ ఇచ్చే సార్. క్లాసంతా నవ్వింది. ఇక ఎట్లా పిలిచినా నవ్వుతారు గనక చిన్నాయనతోనే ఉండిపోయాను.

చివరి పరీక్షలో నా పిలుపు గది తలుపు దాకా వినపడకపోతే ఫెయిల్ అని సార్ తేల్చేశారు. ఫెయిలైతే ఇంటికే. "ఆడపిల్లకు అంబులెన్సేంది" అని నాయన ఎప్పటినుంచో అంటూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు, తలుపు వేసుకుని బొమ్మ ముందు కూర్చున్నాను. ఎంత పిలిచినా గొంతు పెగల్లేదు. విసుగొచ్చి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని, సిగ్గేసి అందులో కూడా రాయలేదు.

తర్వాత ఫీల్డ్ శిక్షణకు గిద్దలూరు వైపు అంబులెన్సులో వేశారు. సీనియర్ టెక్నీషియన్ రత్తమ్మక్క. ఒక ఉదయం కొమరోలు దగ్గరి పల్లె నుంచి కాల్ వచ్చింది. బోరు మోటారు పక్కన ఒక రైతు పడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట.

"షుగర్ మాత్ర ఏసుకున్నాడు. అన్నం తినమంటే మోటరు ఆన్ చేసొస్తానని పోయినాడు, మాట వింటే గదా," అని భార్య తిడుతూ ఏడుస్తోంది.

అక్క "పిలువు" అంది. భుజాలు తట్టి "చిన్నాయనా, చిన్నాయనా" అన్నాను. పలుకు లేదు. వేలి రక్తం పరీక్షిస్తే షుగర్ బాగా పడిపోయి ఉంది. అక్క చొక్కా చెయ్యి కత్తిరించి, నరానికి గ్లూకోజ్ ఎక్కించింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. భార్యను చూడలేదు. అక్కను చూడలేదు. నా వైపు తిరిగి, విసుక్కుంటున్నట్టు అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి పిలుస్తాండావు పాపా. ఆ పొద్దు తలుపేసుకొని ఏడిస్తివి గదా, అప్పుడే పలుకుదామనుకున్నా. నోరు రాలేదు."

ఆయన్ను నేను అంతకుముందు చూడలేదు. ఆ ఊరి పేరు కూడా ఆ రోజే మొదటిసారి విన్నాను.

ఆయన్ను ఆస్పత్రిలో దించాక అక్క అడిగింది ఒక్కటే. "ఏందమ్మీ, ఎందుకేడ్చినావు?"

"అది కాదక్కా, ఆయనకెట్ల తెలిసింది?"

"షుగర్ పడినోళ్ళు ఏమన్నా అంటారు. నువ్వెందుకేడ్చినావో అది చెప్పు."

సార్‌కు చెబితే ఆయనా అంతే. ఏడ్చేదాకా ఎందుకు తెచ్చుకున్నావమ్మా అన్నారు. అమ్మేమో ఫోన్‌లో, హాస్టల్లో తిండి సరిగా లేదా అంది. నేను అడిగింది ఒక్కరికీ పట్టలేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళి ఆయన్నే అడిగాను.

"నేనా? నాకేం గుర్తులేదే," అన్నాడు. "అది సరేగాని, నా చొక్కా చెయ్యి కత్తిరించింది నువ్వేనా? మా తమ్ముని కూతురు పెండ్లికి కుట్టిచ్చుకున్న చొక్కా అది."

షుగర్ తగ్గిన మెదడు పొంతన లేని మాటలు మాట్లాడిస్తుందని పుస్తకంలో ఉంది. పొంతన ఉన్న మాటల సంగతి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పరీక్షలో నా పిలుపు తలుపు దాటి, వరండాలో కూర్చున్నవాళ్ళకు వినపడింది. "ఫీల్డుకు పోయొచ్చినాక ధైర్యమొచ్చింది," అన్నారు సార్. ధైర్యం కాదు. అవతల ఎవరో నోరు రాక వింటూ ఉంటే, సగం గొంతుతో పిలిచి వాళ్ళను సతాయించడం బాగుండదనిపించింది, అంతే.

ఎవరు వింటారని అడగకండి. నాకూ తెలియదు.