అవతలి మేస్త్రి

మా పెదనాన్న తాపీ మేస్త్రి. పనిలోనూ తాపీయే. ఇటుక పెట్టి, రసమట్టం ఆనించి, ఒక కన్ను మూసి చూసి, నచ్చకపోతే తీసి మళ్ళీ పెట్టేవాడు. "తాపీ పట్టమన్నామంటే తాపీగా పట్టమని కాదు మేస్త్రీ" అని కాంట్రాక్టర్లు ఎన్నిసార్లు దెప్పినా నవ్వేవాడే తప్ప చెయ్యి వేగం పెంచలేదు. రెండేళ్ళ కిందట పరంజా మీద కళ్ళు తిరిగాయి. ఇక ఎత్తు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు. నేల మీద పనుంటే పిలవమని పెదనాన్న అందరికీ కబురు పెట్టాడు. అందరూ అలాగే అన్నారు. ఎవరూ పిలవలేదు.

పెళ్ళి చేసుకోలేదు కాబట్టి మాతోనే, వెనక గదిలో ఉంటాడు. కింద వాటాలో ఉన్న లెక్చరర్ ఖాళీ చేస్తూ వదిలేసిన పాత కంప్యూటర్ ఆ గదికే చేరింది. అందులో కోట కట్టే ఆట ఒకటి ఉంది. చెట్లు కొట్టించాలి, రాయి తవ్వించాలి, గోడ లేపాలి, బురుజులు నిలబెట్టాలి. మనం కడుతున్నంతసేపూ అవతలివాడు కూడా కడుతూనే ఉంటాడు, సైన్యాన్ని పోగేస్తూనే ఉంటాడు. నీ వంతు, నా వంతు అని ఉండదు. పెదనాన్నకు ఏ మాత్రం తగని ఆట.

నా పని కూడా ఆ గదిలోనే. ఎనిమిదిలో బడి మానేసినప్పటి నుంచి, అమ్మ కుట్టిన చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుడుతున్నాను. ఇల్లు మొత్తంలో వెలుతురు ఆ కిటికీ దగ్గరే బాగుంటుంది.

మొదట్లో కంప్యూటరే అవతలివాడు. గోడ నడుం ఎత్తు లేవకముందే వచ్చి కూల్చేసేది. "పచ్చి గోడ మీద పడతారేంట్రా! కాస్త ఆరనివ్వండి" అని పెదనాన్న తెరతో దెబ్బలాడేవాడు. నెట్ పెట్టించాక ఎక్కడెక్కడి మనుషులతోనో ఆడటం మొదలుపెట్టాడు. అలా తగిలాడు ఒకతను. పేరు ఏ భాషలో ఉందో మాకు తెలియదు. పేరు పక్కన గుడ్లగూబ బొమ్మ. మొదటి రోజే సైన్యాన్ని పెదనాన్న గోడ దాకా తెచ్చి ఆపేశాడు. గోడ పూర్తయ్యాకే కొట్టాడు.

"పెద్దమనిషేనే" అన్నాడు పెదనాన్న. ఆ రోజు నుంచి అతనికి 'అవతలి మేస్త్రి' అని పేరు.

రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆట. రెండున్నరకే పెదనాన్న మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కునేవాడు.

"ఏంటి బావగారూ, చుట్టాలు వస్తున్నారా?" అనేది అమ్మ.

"వస్తున్నారమ్మా, సైన్యంతో."

ఓడినా గెలిచినా ఆట అవగానే లేచిపోవడం పెదనాన్న అలవాటు. ఒకరోజు ఓడిపోయాక మోకాలు పట్టేసి లేవలేకపోయాడు. తెర కింద రెండు అక్షరాలు కనిపించాయి.

"ఏమే, ఏదో రాశాడు. ఏంటది?"

ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు. మాటలే అన్నీ రావు. రావని చెప్పడం ఇంకా కష్టం. ఒక జీ, పక్కన ఇంకో జీ.

"గి గి అని ఉంది పెదనాన్నా. నవ్వుతున్నట్టుంది."

"నవ్వుతున్నాడా?"

"గిగిగి అని."

పెదనాన్న మోకాలు రుద్దుకున్నాడు. "గెలిస్తే గెలిచాడు. ఇకిలించడం దేనికి? గోడ కట్టడం తెలిసినవాడు చేసే పనేనా?" అని లేచాడు.

మర్నాడు మూడింటికి గుడ్లగూబ పిలిచింది. పెదనాన్న వద్దని నొక్కాడు. నాలుగు రోజులు పిలిచింది, నాలుగు రోజులూ వద్దన్నాడు. ఐదో రోజు పిలుపు రాలేదు. ఆ తర్వాత మళ్ళీ కంప్యూటర్‌తోనే ఆట. పొద్దుటి చొక్కాతోనే కూర్చునేవాడు. అమ్మ కూడా చుట్టాల మాట ఎత్తడం మానేసింది.

రెండు వారాలకు కంప్యూటర్‌లో ఫ్యాను మొరాయిస్తే రిపేరతను వచ్చాడు. దుమ్ము దులుపుతూ, మీరూ ఈ ఆట ఆడతారా అని ఆశ్చర్యపోయాడు.

"ఆడతాం గానీ, మర్యాద తెలీనివాళ్ళెక్కువయ్యా. గెలిచి గిగిగి అని నవ్వుతారు."

"గిగిగి ఏంటండీ?"

ఆ అక్షరాలేమిటో నేనే చెప్పాను, నాకే వినపడనంత మెల్లగా. అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి మరీ నవ్వాడు. "అయ్యో, అది నవ్వు కాదు మేస్త్రిగారూ! జీ జీ అంటే గుడ్ గేమ్. బాగా ఆడారు అని. చివర్లో అలా అనడం మర్యాద. తిరిగి అనకపోతే మనకే పొగరనుకుంటారు."

నేను చేతిలోని కాజా వంకే చూస్తూ ఉండిపోయాను. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"అయితే రోజూ అనేవాడన్నమాట" అన్నాడు. "నేనే లేచిపోయేవాణ్ణి."

మర్నాటి నుంచి మేమే పిలవడం మొదలుపెట్టాం. అతను నెట్‌లోకి వస్తే గుడ్లగూబ పక్కన వెలగాల్సిన చుక్క వెలగలేదు. తొమ్మిదో రోజు వెలిగింది. కానీ అతను ఇంకెవరితోనో ఆటలో ఉన్నాడు. పక్కవాళ్ళ ఆట ఎలా చూడాలో రిపేరతను చూపించి వెళ్ళాడు కనుక తెరిచాను.

పెదనాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గుడ్లగూబ కోట మూలల్లో గోడ రెండు వరసలు, తలుపుకు ఎదురుగా మళ్ళీ ఒక అడ్డుగోడ. ఆటలో వాటి అవసరమేమీ లేదు, రాయి దండగ. పెదనాన్న తప్ప అలా కట్టినవాళ్ళను నేను చూడలేదు.

"చూడవే, నా మూల" అన్నాడు.

"రాయనా పెదనాన్నా?"

"వద్దు. పనిలో ఉన్నవాణ్ణి పలకరిస్తే చెయ్యి తప్పుతుంది. అవనీ."

అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. గుడ్లగూబ ఓడిపోయింది. రెండు వరసల మూలలు కూడా కూలాయి. తెర కింద ఆ రెండు అక్షరాలు వచ్చాయి. నేను పెదనాన్న వైపు తిరిగాను.

"మనకి కాదే. గెలిచినవాడికి చెప్తున్నాడు" అన్నాడు.

అక్షరం కోసం వెతికి వెతికి నొక్కాను. రెండోసారి నొక్కేలోపు చుక్క ఆరిపోయింది.

"పంపావా?"

"ఒకటే నొక్కాను."

"సర్లే. రేపు ముందే రాసి ఉంచు."

రాసి ఉంచాను. ఆ రోజు నుంచి రోజూ రాసి ఉంచుతున్నాను. అవతల మనిషి ఉంటేనే మాట వెళ్తుంది. నెల దాటింది. మూడింటికి పెదనాన్న వచ్చి కూర్చుంటాడు. వేరే ఆట మొదలుపెట్టడు. నాలుగున్నర దాకా చూసి, "ఏ ఊరివాడో, ఏమయ్యాడో" అంటాడు. గుడ్లగూబ పక్కనున్న ఆ పేరైనా నేను చదవగలిగితే బాగుండునని అనుకుంటాను.