నేను తుడిచిన మొదటి పేరు

పోయిన నెలలో మా సంస్థ పిల్లలు నా పదవీ విరమణ సభ కోసమని నా పరిశోధన పత్రాల జాబితా అచ్చు తీసి, తప్పులుంటే దిద్దమని బల్ల మీద పెట్టి వెళ్లారు. ఏ దేశంవాళ్లతో కలిసి పనిచేశానో, ఏ పత్రంలో నా పేరు ఎన్నోదో, అన్నీ శుభలేఖంత అందంగా పేర్చారు పాపం. అందులో అన్నిటికన్నా పాతది, నాకు పేరు తెచ్చిపెట్టింది, మా నెల్లూరు రొయ్యల జన్యువుల మీద రాసింది. మొదటి పేరు నాదే. అది చూసి, ఏం చెప్పమంటారు, ఒక్క అక్షరం దిద్దకుండా ఆ కాగితం బోర్లించి పెట్టాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తెల్లమచ్చ రోగం వచ్చి అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలు వారం తిరక్కుండా ఖాళీ అయిపోయిన రోజులు. నేను వరి పండించుకునే ఇంటి నుంచి వచ్చినవాణ్ణి, ఉప్పునీళ్లలో కాలు పెట్టి ఎరగను. నాతోపాటు మా ల్యాబు నడిపే పెద్దసారు దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి నా స్నేహితుడి చెల్లెలు; ఆ గుంటల మధ్యే పుట్టి పెరిగింది, నన్ను అన్నా అనే పిలిచేది. చచ్చిన రొయ్యలను తెచ్చి పరీక్షించమని పెద్దసారు ఆజ్ఞ. ఆ అమ్మాయి మాత్రం "చచ్చినవాటిలో ఏముందన్నా, బతికినవాటిని పట్టుకుందాం పా" అని, మేత తింటున్నాయో లేదో చూడటానికి రైతులు గుంటలో వేలాడదీసే చెక్ ట్రేలు పైకి లాగి, తక్కినవన్నీ చచ్చినా ఇంకా మేతకు వచ్చిన ఒకటీ అరా రొయ్యలను ఏరి సీసాల్లో పెట్టి ఐసుపెట్టెలో వేసేది. నడుములోతు నీళ్లలో, ఆ కుళ్లు వాసనలో, రెండు వేసవులు అట్లాగే చేసింది. ఒడ్డున గొడుగు వేసుకుని నంబర్లు రాసుకున్నది నేను. రోగాన్ని తట్టుకునే గుణం ఆ బతికిన రొయ్యల జన్యువుల్లోనే కనబడింది.

పెద్దసారుకు ఒక అలవాటుండేది. పత్రం మీద ఎవరి తర్వాత ఎవరి పేరో ల్యాబులో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంచేవారు. ఎదురు మాట్లాడినా, ఆయన టీ చల్లారినా, మన పేరు ఒక మెట్టు దిగేది. పొద్దున రాగానే అందరం ముందు ఆ బల్ల వైపే చూసి, పక్కవాడి పేరు దిగితే లోలోపల సంబరపడేవాళ్లం, ఛీ, అంత నీచానికి దిగజారాం. ఈ పత్రానికి మొదటి పేరు ఆ అమ్మాయిది, రెండోది నాది. మొదటి పేరున్న పత్రం ఒక్కటైనా లేనిదే మా దగ్గర డాక్టరేటు ఇచ్చేవారు కాదు. ఆమెకు ఇంకో పత్రం లేదు, గడువూ అయిపోవస్తోంది.

అంతలో మాతో కలిసి పనిచేసిన విదేశీ ల్యాబువాళ్లు తమ మనిషి పేరొకటి చేర్చమన్నారు. జాబితా పెరగడానికి వీల్లేదని, పై రెండింటిలో ఒకటి పోవాలని, ఏదో నన్నే తేల్చమని పెద్దసారు డస్టరు నా చేతికిచ్చి, వేడుక చూడటానికి కూర్చున్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ అమ్మాయి అప్పుడే గుంటల నుంచి వచ్చి, తడి బట్టలతో, ఐసుపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను తటపటాయించానని చెప్పుకుంటే అబద్ధం. ఆమె పేరు తుడిచేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, పెట్టెలోని సీసాలు నంబరు వరస తప్పకుండా ఫ్రిజ్‌లో సర్ది, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. అచ్చయిన పత్రం చివర కృతజ్ఞతల్లో, జీపు డ్రైవరు పేరు తర్వాత ఆమె పేరుంది. ఆ పత్రం చూసే నన్ను విదేశాలకు పిలిచారు, ఒకరి వెంట ఒకరు నాతో చేతులు కలిపారు. ఆమెకు డాక్టరేటు రానేలేదు.

జాబితా చూసిన వారంలోనే, ఆమె పేరు మొదట చేర్చమని ఆ పత్రం అచ్చువేసిన పరిశోధన పత్రికకు రాశాను. పేరు ఎట్లా పోయిందో వివరించమన్నారు. పెద్దసారు తీసేశారని రాశాను. ఆయన పోయి చాన్నాళ్లయింది. వాళ్లు ఒప్పుకుని, నేను చెప్పిన కారణంతో సహా సవరణ అచ్చువేసి పంపారు. ఆ కాగితం పట్టుకుని, ఎంత సిగ్గులేని మనిషినో చూడండి, మెచ్చుకుంటుందన్న ఆశతో అల్లూరు వెళ్లాను. గుంటల నీళ్లు పరీక్షించే చిన్న కొట్టు ఆమెది, రైతులు సీసాలతో కూర్చున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"నా పేరు ఎక్కించినావు, సరే. తుడిచింది నువ్వు గదా అన్నా. చచ్చిపోయినాయన మీదికి నెట్టినావే, లేచొచ్చి కాదంటాడా ఏంది?" అని కాగితం నా చేతికిచ్చి, తర్వాతి రైతు సీసా అందుకుంది.

నిన్న సభ జరిగింది. ఎప్పుడో చెరిగిపోయిన తోటి పరిశోధకురాలి పేరును మళ్లీ నిలబెట్టిన పెద్దమనసు నాదని ఒక కుర్రవాడు చెబుతుంటే హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజుల్లో మా నోళ్లు నొక్కడానికి పెద్దసారు ఉండేవారు. ఇప్పుడు ఎవరు ఏం చేశారో పత్రికలే అడిగి రాయించుకుంటున్నాయి, పిల్లలు పెద్దలను నిలదీస్తున్నారు, నన్ను భయపెట్టేవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. అయినా నేను లేచి, చేతులు జోడించి, అందరికీ నమస్కారం పెట్టాను.